మందు మానేశాక దోస్తులను వదిలేయాలా?

తమ్ముడూ, మందు మానేసి 40 రోజులైంది, సాయంత్రం దోస్తులు ఫోన్ చేస్తే మనసు లాగుతోందన్నావు. అందరినీ వదలక్కర్లేదు. పొద్దున ఛాయ్‌కి కూడా పిలిచేవాడెవడో, పర్మిట్ రూమ్‌కి మాత్రమే పిలిచేవాడెవడో చూసుకో. రెండోవాడి ఫోన్ కొన్నాళ్లు ఎత్తకు. మెదడు ఆ వేళను, ఆ చోటును, ఆ మనుషులను మందుతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఆ గంటే గండం. నాకైతే కాజీపేట దోస్తు ఒక్కడే దిక్కయ్యాడు. రోజూ సరిగ్గా ఏడింటికి బండేసుకొచ్చి భద్రకాళి చెరువు కట్ట మీద నడిపించేవాడు, చేతిలో పల్లీల పొట్లం పెట్టి. ఒక్క నీతి మాట చెప్పలేదు, అదే నచ్చింది. దసరా దావత్‌కు మాత్రం ఈసారి పోకు, ఎవరేమనుకున్నా సరే. మరీ టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.