'రాదు'కీ 'ఇంకా రాలేదు'కీ మధ్య ఒక క్యారెట్

మొదటి ఏడాదిలోనే రెండు సబ్జెక్టులు తప్పాను, నాకు అంత బుర్ర లేదనిపిస్తోంది, అందరూ చెప్పే గ్రోత్ మైండ్‌సెట్ (తెలివితేటలు కృషితో పెరుగుతాయన్న నమ్మకం) నాకు ఎలా అలవడుతుంది అని మీరు అడిగారు. సబ్జెక్టులు తప్పడంలో నాకూ అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇంటర్ వరకు నాది తెలుగు మీడియం. బీటెక్ మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో 75కి 17 మార్కులు వచ్చాయి. 26 వచ్చి ఉంటే గట్టెక్కేవాడిని. ఆ వారమే 'నేను సాధించగలను' అని స్కెచ్ పెన్నుతో రాసి హాస్టల్ గోడకు అంటించుకున్నాను. నెల రోజులపాటు అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. డ్రాయింగ్ గీతలు గీసే పరికరం మినీ డ్రాఫ్టర్ మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు.

సప్లిమెంటరీకి ఇరవై రోజులుందనగా నా గదిలో ఉండే స్నేహితుడు పాత షీట్లు తిరగేసి, "ఎక్కడ ఆగిపోతున్నావు?" అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. డ్రాయింగ్ మొత్తం రాదనుకున్నానే గాని, అందులో ఏది రాదో ఎప్పుడూ చూసుకోలేదు. కూర్చుని చూస్తే బిందువులు, రేఖలు, తలాలు చాలావరకు సరిగానే ఉన్నాయి. ఘనాకారాలను కోసే దగ్గర బండి ఆగింది.

లెక్క ఇది: 50 మి.మీ. భూవ్యాసం, 60 మి.మీ. ఎత్తు ఉన్న శంకువు. దాని అక్షం మధ్య బిందువు గుండా 45 డిగ్రీల వాలులో కోస్తే, కోసిన ముఖం అసలు ఆకారం గీయాలి. నేను ప్రతిసారీ పైనుంచి కనిపించే ఆకారాన్నే గీసి వదిలేసేవాడిని. వాడు మెస్సుకు వెళ్లి ఒక క్యారెట్ తెచ్చి, కొసవైపు ఏటవాలుగా కోసి, పైనుంచి చూడమన్నాడు. దాదాపు గుండ్రంగా కనిపించింది. తర్వాత ఆ ముఖానికి ఇంకు పూసి కాగితం మీద అద్దాడు. కోడిగుడ్డును సాగదీసినట్టు పొడవైన ముద్ర పడింది. పై లెక్కలో కూడా అంతే, పైనుంచి సుమారు 30 మి.మీ. కనిపించే పొడవు నిజానికి దాదాపు 43. ఇంకో సంగతి అప్పుడే వెలిగింది. డ్రాయింగ్‌లో ఎలిప్స్ అనే ఈ ఆకారం ఇంటర్‌లో నేను సమీకరణాలు బట్టీపట్టిన దీర్ఘవృత్తమే! అది శంకువును కోస్తే వస్తుందని రెండేళ్లలో ఒక్కసారీ ఊహించలేదు.

మన భాషలో 'రాదు' అనే మాటతో ఒక చిక్కుంది. 'నాకు డ్రాయింగ్ రాదు' అంటే ఇప్పుడు రాదనీ, ఇకముందూ రాదనీ రెండర్థాలూ వస్తాయి. నేను రెండోది కూడా నమ్మేశాను. ఈ గ్రోత్ మైండ్‌సెట్ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చిన అమెరికా మనస్తత్వవేత్త కేరల్ డ్వెక్ కూడా 'రాదు' బదులు 'ఇంకా రాలేదు' అనుకోమంటూ ఆ 'ఇంకా' అనే మాట మీదే చాలా చెబుతారు.

అలాగని నమ్మకం మారితే మార్కులు వాటంతటవే రావు. అమెరికాలో సుమారు 12 వేలమంది తొమ్మిదో తరగతి విద్యార్థులకు మేధస్సు పెంచుకోవచ్చన్న పాఠాన్ని గంటలోపే ఆన్‌లైన్‌లో చెప్పి పరిశీలించిన ఫలితాలు 2019లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. వెనకబడిన పిల్లల గ్రేడు సగటు పెరిగింది గాని, పెరిగింది సుమారు 0.1 పాయింటు. గంట పాఠానికి అది తక్కువేమీ కాదు, అద్భుతమూ కాదు. నా గోడ మీది కాగితానికి ఆ గంట కూడా లేదు.

ఇంకొకటి. మా కాలేజీలో ఒక సబ్జెక్టు అధ్యాపకుడు సెమిస్టర్ సగంలో మానేశారు, తర్వాత ఎవరూ రాలేదు. అలాంటి చోట 'నీ ఆలోచన మార్చుకో' అని విద్యార్థికి చెప్పడం నాకు నచ్చదు. మీ విషయంలో లోపం అటువైపు ఉందేమో కూడా చూసుకోండి.

సప్లిమెంటరీలో 41 వచ్చాయి. ఆ తర్వాత ప్రతి నోటుబుక్కులో చివరి పేజీని ఆగిపోయిన చోట్లకే కేటాయించాను. "సార్, అర్థం కాలేదు" అంటే మళ్లీ మొదటినుంచి చెప్పేవారు, మళ్లీ అర్థమయ్యేది కాదు. "మూడో మెట్టులో ఈ గుర్తు ఎందుకు మారింది?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. సిగ్నల్స్ సబ్జెక్టులో ఆ పేజీ నాలుగో సంవత్సరం దాకా నిండుగానే ఉంది, అది వేరే కథ.

మీరు తప్పిన రెండు సబ్జెక్టులూ ఏవో రాయలేదు. వీలైతే జవాబు పత్రం నకలు తెప్పించుకుని, ఏ అధ్యాయంలో ఎన్నో మెట్టు దగ్గర ఆగారో చూసి చెప్పండి.