రిపోర్టులన్నీ నార్మల్, అమ్మ మాత్రం లేవలేకపోతున్నారు

ప్రశ్న: మా అమ్మగారికి 54 ఏళ్లు. ఏడు నెలలుగా ఒళ్లు నొప్పులు, తలబరువు, నీరసం అంటున్నారు. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి కూర్చుంటారు. రక్తపరీక్షలు, ఈసీజీ, తల స్కానింగు చేయిస్తే అన్నీ నార్మల్ అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు సెలైన్ ఎక్కించినప్పుడు రెండు రోజులు తేరుకుని, మళ్లీ మంచమెక్కుతున్నారు. డిప్రెషన్ కావచ్చని బంధువొకరు అంటే, "నాకేమైనా పిచ్చా?" అని ఏడ్చారు. ఇంట్లో ఏ లోటూ లేదు. కారణం లేకుండా డిప్రెషన్ వస్తుందా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వస్తుంది. అప్పులు, ఆత్మీయుల మరణం, కుటుంబ కలహాలు దీనికి దారితీయవచ్చు గాని, ఏ లోటూ లేని ఇంట్లోనూ ఇది కనిపిస్తుంది. పైగా మన పెద్దవాళ్లలో చాలామంది "దిగులుగా ఉంది" అనరు, "ఒంట్లో బాగోలేదు" అంటారు. ఆ నొప్పి నటన కాదని ఇంట్లోవారు ముందుగా గ్రహించాలి.

మీ ఉత్తరంలో నేను వెతికిన సంగతి ఒకటి కనిపించలేదు. అమ్మగారు ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులు, అంటే ముగ్గులు, సీరియళ్లు, మనవలతో కబుర్లు, ఇప్పుడు ఏమయ్యాయి? రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అనే రెండింటిలో ఒకటైనా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, నీరసం, మాటలో కదలికలో మందకొడితనం, తాను ఎందుకూ పనికిరానన్న భావం, చావు గురించిన ఆలోచనలు వంటి లక్షణాలతో కలిపి కనీసం ఐదు, దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు తగ్గకుండా కొనసాగితే డిప్రెషన్‌గా నిర్ధారిస్తారు. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్షగాని స్కానింగుగాని లేదు. కాబట్టి రిపోర్టులు నార్మల్ అన్న మాటతో సగం పనే పూర్తయింది. మిగిలిన సగం, సైకియాట్రిస్టు అమ్మగారితో, మీతో తీరికగా మాట్లాడటం.

ఆ సంభాషణ ఎందుకంత ముఖ్యమంటే, థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 తక్కువ కావడం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. ఆ పరీక్షలు జరిగాయో లేదో చూసుకోండి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట ఎరుగక, అతి ఉత్సాహంతో, విపరీతంగా ఖర్చు చేసిన రోజులున్నాయేమో కూడా వైద్యులు అడుగుతారు, ఎందుకంటే అది అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బయితే డిప్రెషన్ మాత్రలు మాత్రమే ఇవ్వడం ప్రమాదకరం. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనడం మన దగ్గర మామూలైంది. అవి అలవాటుగా మారతాయే తప్ప ఈ జబ్బును నయం చేయవు.

డిప్రెషన్ మందుల ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే "గుణం లేదు" అని మానేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడవలసి ఉంటుంది. ఆపేటప్పుడు వైద్యుల సలహాతో క్రమంగా తగ్గించాలి.

"బతికి ఏం లాభం" వంటి మాట ఆమె నోట వచ్చిందా? చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా ఉంచకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పిచ్చి డాక్టరన్న భయం పోవాలంటే, ఆయన అడిగేది తన నిద్ర, నొప్పులు, నీరసం గురించేనని అమ్మగారికి ఉన్నమాట చెప్పండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఆమె వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ, ఆర్‌ఎంపీ గారిచ్చినవి సహా, సంచిలో వేసుకోండి.