స్పైసీ అంటే కారం ఒక్కటే కాదు

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసు పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చే విందుకి) పులిహోర పట్టుకెళ్ళాను. "ఈజ్ ఇట్ స్పైసీ?" అని అడిగిందొకావిడ. మసాలా ఏమీ వెయ్యలేదు కదా అని ధైర్యంగా "నో" అన్నాను. రెండో స్పూనుకి పచ్చిమిరపకాయ తగిలింది పాపం! ముక్కు ఎర్రబడి, గడగడా నీళ్ళు తాగేసింది. మిరప మంట నీళ్ళకి పోదు, పాలో పెరుగో ఇవ్వాలి. ఆ కంగారులో నాకూ తట్టలేదు.

మనకి నాలుక మండితే కారం, ముక్కుకెక్కితే ఘాటు, లవంగం, యాలకులు పడితే మసాలా. ఇక్కడ అన్నిటికీ స్పైసీ అనే అంటారు. పంప్‌కిన్ స్పైస్ లాటే చూసి కాఫీలో కారమేంటని బెదిరిపోకండి. అందులో ఉండేది దాల్చినచెక్క, అల్లం, జాజికాయ, లవంగాల రుచి. జపాన్ వాళ్ళ పచ్చ ముద్ద వసాబిది ఆవపెట్టిన కూర ఘాటే, ముక్కులోంచి దూసుకుపోయి కాసేపట్లో తగ్గిపోతుంది. (జలుబు చేస్తే నాకదే మందు.)

అసలు మోసపోయేది సరుకుల దగ్గర. "చిల్లీ పౌడర్" అని ఉంది కదా అని సూపర్‌మార్కెట్లో సీసా కొన్నాను. బెండకాయ వేపుడులో రెండు చెంచాలు వేస్తే జీలకర్ర, వెల్లుల్లి, ఏదో ఎండుటాకు వాసన. కారం మాత్రం లేదు! సీసా తిప్పి చదివితే మిరపతో పాటు జీలకర్ర, ఒరిగానో, వెల్లుల్లి పొడి, ఉప్పు. అది ఇక్కడివాళ్ళు చిల్లీ అనే మాంసం కూరలో వేసుకునే మసాలా పొడి. మన కారం కావాలంటే "కయెన్" అని రాసినది తీసుకోండి. పాప్రికా అనే ఎర్ర మిరప పొడి ఎక్కువగా రంగుకే.

మనం గుంటూరువాళ్ళం, మనకేంటి అని థాయ్ హోటల్లో మొదటిసారే "థాయ్ హాట్" (వాళ్ళు తినేంత కారం) చెప్పకండి. మిరప కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో ఇక్కడి హాలపీనో మిర్చి 2,500 నుంచి 8,000, అది మనకి బజ్జీ మిర్చిలాంటిదే. థాయ్ వాళ్ళ చిన్న మిరపకాయ 50,000 నుంచి లక్ష దాకా ఉంటుంది. హాబనేరో అనే మిరపకాయ 3,50,000 దాకా పోతుంది.

ఇప్పుడు ఎవరైనా స్పైసీయా అని అడిగితే "చిల్లీ హీటా, స్పైసెస్సా?" అని తిరిగి అడుగుతాను. పులిహోర గిన్నె మీద చీటీ కూడా అంటిస్తున్నాను: పచ్చిమిర్చి ఉంది, వేరుశనగపప్పు ఉంది. ఆ రెండోది పెద్ద అక్షరాలతో రాయండి. ఇక్కడ అది పడనివాళ్ళుంటారు, వాళ్ళకి కారం కంటే అదే ప్రమాదం.