ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా జడ్పీ హైస్కూలు పేరెంట్స్ కమిటీలో ఈ ఏడాది నన్నూ వేశారు. నేను చదివింది పదో తరగతి. నాడు-నేడులో తరగతి గదులకు పెద్ద టీవీల్లాంటి ప్యానెళ్లు బిగించారు. కంప్యూటర్ ల్యాబ్ ఉంది, ఇంటర్నెట్టూ ఉందంటున్నారు. మొన్న మీటింగులో ‘అన్నీ పనిచేస్తున్నాయి’ అని రాసి సంతకం పెట్టమంటే, తర్వాత పెడతానని వచ్చేశాను. తొమ్మిది చదివే మా అమ్మాయినడిగితే ‘ఏమో, అప్పుడప్పుడూ వీడియో వేస్తారు’ అంటోంది. నాకు తెలియని వస్తువు పనిచేస్తుందో లేదో నేనెలా చెప్పను? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: సంతకం ఆపి మంచి పని చేశారమ్మా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులుండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి ఎలా నడుస్తోందో చూడడం మీ పనేనని సెక్షన్ 21లో రాసి ఉంది. కాబట్టి అడగడం పెత్తనం చేసినట్టు కాదు.

ముందు కాగితం సంగతి. దేశంలోని బడుల వివరాలన్నీ ప్రభుత్వం యూడైస్ ప్లస్ అనే చోట నమోదు చేస్తుంది. అందులో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అమ్మాయి చేత ఫోన్లో వెతికిస్తే మీ బడి రిపోర్టు కార్డు దొరుకుతుంది. కంప్యూటర్లు ఎన్ని, నెట్ ఉందా అని బడి తానే రాసిచ్చిన వివరం అందులో ఉంటుంది. 2024-25 యూడైస్ ప్లస్ ప్రకారం దేశంలో కంప్యూటర్ సదుపాయం ఉన్న బడులు 64.7 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 63.5 శాతం. మీ బడిని ‘ఉన్న’వాటిలోనే లెక్కేసి ఉంటారు. కానీ పిల్లల చేయి కీబోర్డు మీద ఎంతసేపు పడుతోందో ఆ శాతాలు చెప్పవు.

అది తెలియాలంటే మీరే వెళ్లాలి. ఇన్‌స్పెక్షన్ రోజు కాదు, మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందని అడగండి. తాళం కోసం అటెండరు అరగంట వెతికితే మీకు సగం జవాబు వచ్చేసినట్టే.

లోపల ఏదో ఒక కంప్యూటర్ ఆన్ చేయించి, తెర కింద కుడి మూలన తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తే, లోపలుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. పెద్ద ఖర్చేం కాదు, వంద రూపాయల్లోపే. అది కూడా మార్చలేదంటే ఆ మిషన్ ముందు ఎవరూ కూర్చోవడం లేదని అర్థం. ఇంకో చిక్కు, తేదీ తప్పుంటే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. వైరు బాగున్నా, బిల్లు కట్టినా ‘నెట్ రావట్లేదండీ’ అనేస్తారు.

ప్యానెల్ దగ్గర ఒక మూల నుంచి ఇంకో మూలకు వేలితో గీత గీయించండి. మధ్యలో తెగితే అక్కడ టచ్ పనిచేయడం లేదు. చాలాసార్లు ఇది పెద్ద రోగం కాదు, పక్కనే ఉన్న బోర్డు మీది సుద్దపొడి అంచుల్లో పేరుకుని ఉంటుంది. ఆపేసి పొడిబట్టతో తుడిస్తే సరి. తర్వాత ఆఖరి బెంచీలో కూర్చోండి. కిటికీ వెలుతురు పడి అక్షరాలు కనబడకపోతే కావలసింది కర్టెన్, కొత్త ప్యానెల్ కాదు.

వీడియో వేయడం తప్పేం కాదమ్మా. మధ్యలో ఆపి, దాని మీదే గీసి, పిల్లల్ని లేపి అడుగుతున్నారా అన్నది చూడండి. పీరియడ్ అంతా వీడియో నడుస్తూ, మాస్టారు పక్కన రిజిస్టర్ రాసుకుంటుంటే అది సినిమా హాలు. అయితే టీచర్లను దొంగల్ని పట్టినట్టు అడగకండి. హాజరనీ ఇంకోటనీ యాప్‌లలో ఎక్కించలేక పొద్దున్నే వాళ్లకు తల ప్రాణం తోకకొస్తోంది. ఆఫీసు గదిలో వచ్చే నెట్ ఆఖరి తరగతి గదికి అందుతోందో లేదో వాళ్లనే చూపించమనండి.

ల్యాబ్ పీరియడ్ జరుగుతుంటే ఒకసారి నిలబడి చూడండి. నలభై మందికి పది కంప్యూటర్లుంటే ఒక్కోదానికి నలుగురు. 45 నిమిషాల్లో ఒక్కొక్కరికి గట్టిగా 11 నిమిషాలు. నిజానికి అంత కూడా దక్కదు, చురుకైనవాడొకడు మౌస్ వదలడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తుంటారు. రిపోర్టుల్లోకెక్కని లోపం ఇది. నా మటుకు నాకు పగిలిన ప్యానెల్ కంటే ఇదే పెద్దది.

ఇక ఫిర్యాదుల రిజిస్టర్ అడగండి. ఏ వస్తువు పాడైంది, ఎప్పుడు ఫోన్ చేశారు, ఎప్పుడు బాగుచేశారు, వారంటీ ఎప్పటిదాకా ఉంది అన్నవి కావాలి. చెడిపోవడం ఎక్కడైనా ఉంటుంది. చెడిన రోజుకీ బాగుపడిన రోజుకీ మధ్య నెలలు గడుస్తుంటే ఆ బడికి పరికరాలున్నా లేనట్టే. రిజిస్టర్ లేకపోతే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మీరే మొదలుపెట్టించండి.

సంతకం పెట్టండి, కానీ ‘అన్నీ’ అనే మాట కొట్టేయించి. ఎన్ని ప్యానెళ్లలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ గదికి నెట్ రావడం లేదు, ఏ తేదీన చూశారు, అన్నీ రాయించి, కింద మీ పేరు రాయండి.

ప్రశ్న: మా సిద్దిపేట వైపు బడిలో విండోస్ 7 కంప్యూటర్లున్నాయి. పనికిరావు, కండెమ్ చేయమంటున్నారు. నిజమేనా?
- ఒక టీచర్

జవాబు: విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే భద్రత కోసం పంపే అప్‌డేట్లు, 2020 జనవరిలోనే ఆగిపోయింది. కాబట్టి నెట్‌కు కలిపి వాడడం మంచిది కాదు. మిషన్లు పనికిరావనడం మాత్రం తొందరపాటు. కేరళ ప్రభుత్వ బడుల్లో ‘కైట్’ సంస్థ విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత లినక్స్‌నే నడిపిస్తోంది. మీరూ ముందు ఒక్క కంప్యూటర్‌లో తేలికపాటి లినక్స్ వేయించండి. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే తెలుగు టైపింగ్‌కూ, లెక్కల పట్టికలకూ, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్‌కూ చాలు. హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ వేస్తే వేగం మీకే తెలుస్తుంది. అది ఒక నెల ఇబ్బంది పెట్టకుండా నడిస్తే మిగతావాటికీ వేయించండి. మదర్‌బోర్డు పోయినవాటిని కండెమ్ చేసే ముందు వాటి ర్యామ్, కీబోర్డు, మౌస్ వేరే వాటికి పనికొస్తాయేమో హెచ్ఎం గారితో మాట్లాడి చూడండి. తీసిన ప్రతి పార్టునూ స్టాకు రిజిస్టర్‌లో రాయించండి, లేకపోతే ఆడిట్‌లో మీ మెడకే చుట్టుకుంటుంది.