మనం ఎటువైపు ఉన్నాం, మాస్టారూ?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "ఈ యుద్ధంలో మనం ఎటువైపు ఉన్నాం మాస్టారూ?" అని అడిగాడు. బ్రిటిష్ వారి వైపు అన్నాను. "మరి మనం పోరాడుతున్నది వాళ్లతోనే కదా?" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు కాబట్టి గట్టెక్కాను. ప్రపంచ యుద్ధాలలో మన దేశం పాత్రను గర్వంగా చెప్పాలా, బానిసత్వపు కథగా చెప్పాలా?
— ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, మీ విద్యార్థి ప్రశ్నలోని చిక్కంతా "మనం" అన్న మాటలో ఉంది. వినేవారిని కలుపుకుంటే మనం, విడిచిపెడితే మేము. ఈ తేడా మన భాషలో పసిపిల్లలకు కూడా తెలుసు కనుక పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం జర్మనీతో యుద్ధంలో ఉన్నదని ప్రకటించినప్పుడు కేంద్ర శాసనసభను గాని, ఎన్నికలలో గెలిచి రాష్ట్రాలను పాలిస్తున్న కాంగ్రెసు నాయకులను గాని ఒక్క మాట అడగలేదు. దానికి నిరసనగానే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ కొద్ది వారాలలో రాజీనామా చేశాయి. నిర్ణయం తీసుకున్నప్పుడు అది వారి "మేము"; ప్రాణాలు ఇవ్వవలసి వచ్చేసరికి అది "మనం" అయింది. మీ పిల్లవాడు పట్టుకున్నది సరిగ్గా ఈ మెలికనే కనుక, ముందుగా వాడిని తరగతిలో మెచ్చుకోండి.

ఆ తరువాత అంకెలు చెప్పండి, కానీ వాటితోనే ఆగిపోకండి. మొదటి యుద్ధ కాలంలో సైనికులు, కూలీలు, సేవకులు కలిపి సుమారు 13 లక్షల మంది భారతీయులు పనిచేశారు. 74 వేల మందికి పైగా మరణించారు. రెండో యుద్ధం నాటికి భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. సుమారు 87 వేల మంది తిరిగి రాలేదు. నిర్బంధ సైనిక సేవ చట్టం లేకుండానే ఇంతమంది చేరారనగానే, "అయితే వాళ్లకు బ్రిటిష్ వారంటే ఇష్టమా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదటి యుద్ధంలో సిపాయి జీతం నెలకు 11 రూపాయలని బోర్డు మీద రాసి, ఆ జీతం కోసం, పింఛను కోసం, తాత తండ్రులు నడిచిన బాటలో నడిచే మర్యాద కోసం చేరినవారు ఉన్నారని చెప్పండి. 1917, 1918 సంవత్సరాలలో పంజాబులో అధికారులు ఊరికింతమందని లెక్క కట్టి ఒత్తిడి చేశారన్న సంగతి కూడా ఆ పక్కనే చెప్పాలి. స్వచ్ఛందం అన్న మాటలో ఎన్ని అరలున్నాయో పిల్లలు తామే చూస్తారు.

తరగతిలో నేను ఎక్కువగా వాడిన ఉదాహరణ ఒకటి ఉంది. ఫ్రాన్సులో ఉన్న మన సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలను సైన్యంలోని సెన్సారు అధికారులు చదివేవారు. ఆ సంగతి తెలిసిన సిపాయిలు కొందరు మిరియాల గురించి రాసినట్లుగా రాసేవారు: నల్లవి చాలావరకు అయిపోయాయి, ఎర్రవి కొద్దికొద్దిగానే వాడుతున్నారు అని. నేను ఈ విషయం బోర్డు మీద రాసి, ఏమీ చెప్పకుండా ఊరుకునేవాణ్ణి. మొదట వంట సంగతులనుకుని నవ్వేవారు. కొంతసేపటికి వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, "నల్లవి అంటే మనవాళ్లా సార్?" అనేవారు. అంతటితో తరగతి నిశ్శబ్దమయ్యేది. నల్లవి భారతీయ సైనికులు, ఎర్రవి తెల్లవారు. ఆ సంకేతాన్ని సెన్సారు వారు కూడా పట్టుకోగలిగారు కాబట్టే అది ఈనాడు మనకు తెలిసింది.

ఇక గర్వమా, బానిసత్వమా అన్న మీ సందేహానికి వస్తాను. రెండూ చెప్పండి, అయితే ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చకండి. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెకె దగ్గర తోటి సిపాయిలందరూ కూలిపోయాక కూడా మెషిన్‌గన్ వదలని ఖుదాదాద్ ఖాన్, బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారతీయ సైనికుడు. అది నిజమైన ధైర్యం. ఆయన ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చక్వాల్ ప్రాంతంలోనిదని చెబితే "మనం" అన్న మాట మళ్లీ కదులుతుంది, కదలనివ్వండి. యుద్ధానికి అందరికంటే ఎక్కువమంది సైనికులను ఇచ్చిన పంజాబులోనే, యుద్ధం ముగిసిన అయిదు నెలలకు, 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. ఈ రెండింటినీ మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా వేరువేరు అధ్యాయాలలో ఉంచుతాయి. పక్కపక్కన ఉంచే పని ఉపాధ్యాయుడిదే.

ఒక హెచ్చరిక. స్థానికాభిమానంతో వాస్తవాన్ని సాగదీయకండి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల అశ్వికదళాలకు గుర్తు. ఈ దళాలు ఒకే బ్రిగేడులో పనిచేసిన మాట నిజం. అయితే 1918 సెప్టెంబరు 23న, ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా పట్టణం మీద దాడి చేసి పట్టుకున్నవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. మన హైదరాబాదు దళం పేరును ఆ దాడిలోకి చేర్చాలని మనసు లాగుతుంది కానీ చేర్చకూడదు.

మీరు ఉన్నది కాకినాడలో కనుక మీ పిల్లలకు ఈ యుద్ధం దూరదేశపు సంగతి కానే కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఆ సంవత్సరమే బర్మా జపాను చేతిలోకి పోగా, "రంగం" (రంగూన్) వెళ్లి రేవులలో, మిల్లులలో పనిచేస్తున్న తెలుగువారు ఎందరో ఓడలు దొరకక, అరకాను దారిన, మణిపురం దారిన కొండలు, అడవులు దాటి కాలినడకన తిరుగు ముఖం పట్టారు. దారిలో ఆగిపోయినవారూ ఎందరో. మీ విద్యార్థులను ఇళ్లలోని పెద్దలను "మన వాళ్లెవరైనా రంగం వెళ్లారా?" అని అడిగి రమ్మనండి. తుపాకి పట్టినవారి దగ్గరే ఆగిపోతే ఒక దేశం యుద్ధంలో నిర్వహించిన పాత్ర సగమే తెలుస్తుంది. బర్మా బియ్యం ఆగిపోవడం, జపాను వారికి అందకూడదని తీర బెంగాలులో పడవలను, ధాన్యాన్ని ప్రభుత్వం తీసుకుపోవడం, ధరలు పెరగడం వంటివన్నీ కలిసి 1943లో తెచ్చిపెట్టిన కరవులో లక్షల మంది చనిపోయారు. కొన్ని అంచనాలు 30 లక్షల దాకా వెళతాయి. యుద్ధభూమిలో పోయినవారి కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. "ఆజాద్ హింద్ ఫౌజు సైనికులా, బ్రిటిష్ వారి కింద పోరాడిన భారతీయ సైనికులా, ఎవరు నిజమైన దేశభక్తులు?" అని బడిలో వాదనల పోటీ పెట్టారు. మా అమ్మాయికి రెండో పక్షం వచ్చింది. తోటి పిల్లలు ద్రోహి అన్నారని ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఇలాంటి పోటీలు పెట్టడం సబబేనా?
— ఒక తల్లి, వరంగల్లు

జవాబు: అమ్మా, చర్చ పెట్టడం తప్పు కాదు, ఆ ప్రశ్నను అలా అడగడం తప్పు. చప్పట్లు ఎటు మోగాలో ముందే తేలిపోయిన పోటీలో మీ అమ్మాయిని ఓడిపోయే వైపు నిలబెట్టారు. ఆమె తప్పు ఏమీ లేదని ముందుగా ఆమెతో చెప్పండి.

ఇద్దరు సిపాయిలను ఊహించుకోమనండి. ఒకే రెజిమెంటు, బహుశా ఒకే ఊరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. రెండు రోజుల తరువాత అక్కడి ఫారర్ పార్కులో వేలాది భారతీయ సైనికులను బ్రిటిష్ వారు జపాను వారికి అప్పగించి వెళ్లిపోయారు. ఫౌజును మొదట కూడగట్టిన కెప్టెన్ మోహన్ సింగ్ పిలుపు విని ఒకడు అందులో చేరాడు. తిన్న ఉప్పుకు ద్రోహం చేయనన్నవాడు యుద్ధఖైదీగా మిగిలాడు. అటువంటివారిలో ఎందరినో జపాను వారు న్యూగినీ వంటి దీవులకు కూలి పనికి తరలించగా అక్కడే పోయారు. 1944లో ఇంఫాల్, కోహిమా ప్రాంతాలలో రెండు పక్షాలలోనూ భారతీయులే ఉన్నారు. 1942లో ఆ ఫారర్ పార్కులో కూర్చున్న సిపాయికి 1947 సంగతి తెలియదు, నేతాజీ మరుసటి సంవత్సరం అక్కడికి వస్తాడనీ తెలియదు. కనుక "ఎవరు దేశభక్తులు" అని కాకుండా, "ఆ రోజు అతనికి తెలిసినదేమిటి, ఏ భయాలు, ఏ ఆశలు అతన్ని అటో ఇటో నడిపించాయి" అని అడిగి ఉంటే పిల్లలు ఒకరినొకరు తిట్టుకోవడానికి తావుండేది కాదు.

అప్పటి పెద్దలకు కూడా ఇది తేలికగా తెగలేదు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై సైనిక విచారణ మొదలైనప్పుడు దేశమంతా వారి పక్షాన నిలిచింది. యావజ్జీవ ప్రవాస శిక్షను సర్వసేనాని ఆకిన్‌లెక్ రద్దు చేయక తప్పలేదు. అయినా స్వాతంత్ర్యం వచ్చాక ఫౌజు సైనికులను స్వతంత్ర భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. ఈ ఒక్క వాస్తవాన్ని తరగతి ముందు ఉంచమని ఆ ఉపాధ్యాయులతో నెమ్మదిగా చెప్పి చూడండి. మంచి చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో 74 వేల మంది భారతీయులు చనిపోయారని చదివాను. ఇండియా గేటు మీద ఉన్న పేర్లు మాత్రం 13 వేలకు పైచిలుకే అంటున్నారు. నా చార్టులో ఏది రాయాలి?
— పదో తరగతి విద్యార్థిని, కర్నూలు

జవాబు: రెండూ రాయవచ్చు తల్లీ, అవి వేరువేరు లెక్కలు. 1931లో ఆవిష్కరించిన ఆ కట్టడం విదేశాలలో మరణించిన భారతీయ సైనికులందరినీ స్మరిస్తుంది. కానీ దాని మీద చెక్కిన పేర్లు ప్రధానంగా ఇక్కడ, వాయవ్య సరిహద్దులో, 1919 నాటి మూడో ఆఫ్ఘన్ యుద్ధంలో మరణించినవారివి. ఫ్రాన్సులో పోయినవారిలో సమాధి తెలియని 4,700 మందికి పైగా సైనికుల పేర్లు న్యూవ్ షాపెల్ స్మారకంపై ఉన్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను రెజిమెంటు పేరు కింద ఒక సంఖ్యగా మాత్రమే చూపారు. ఇటువంటి అసమానతలు జరిగాయని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో అంగీకరించి క్షమాపణ చెప్పింది. నీ చార్టులో 74 వేలకు ముందు "సుమారు" అని రాయడం మరచిపోకు. చోటు మిగిలితే బస్రా సంగతి కూడా రాయి.