మూడడుగుల నడవాలో చెప్పులు, రెయిన్‌కోట్లు ఎలా సర్దాలి?
విశాఖ ఎంవీపీ కాలనీలోని మీ ఫ్లాట్‌లో గుమ్మం దాటగానే మూడడుగుల వెడల్పు నడవా, తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది, గోడ మీద ఎంసీబీ బాక్సు (ఇంటి కరెంటు బ్రేకర్లుండే పెట్టె) ఉంది, చెప్పులు, రెయిన్‌కోట్లు ఎలా సర్దాలని అడిగారు కదండీ. అక్కడ అడుగు లోతు స్టాండ్ పెడితే దారి రెండడుగులే మిగులుతుంది. ముందుకు వాలే తలుపులున్న సన్నటి షూ ర్యాక్ తీసుకోండి, 7 అంగుళాల లోతు చాలు. జోళ్లు ఏటవాలుగా నిలబడతాయి. కొనేముందు వీధి తలుపు పూర్తిగా తెరిచి, దాని అంచు తిరిగే దారి నేల మీద సుద్దముక్కతో గీయండి. ర్యాక్ ఆ గీతకు అవతలే ఉండాలి.

మన విశాఖలో అసలు సమస్య ఉప్పుగాలి. చెక్కపొట్టు, చెక్కపీచు అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలు అంచుల్లో చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) గానీ ఐఎస్ 710 ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గానీ వాడండి. స్క్రూలు, హింజెస్ 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. పక్క పలకలకు గాలి రంధ్రాలు తప్పనిసరి, లేదంటే వానాకాలం లెదర్‌కి బూజు పడుతుంది.

ర్యాక్‌ను నేలకు 4 అంగుళాల పైన గోడకు బిగించండి, తడిగుడ్డ పెట్టడానికి వీలుంటుంది. ఇటుక గోడకు 8 ఎంఎం రంధ్రం, అందులో స్క్రూ పట్టుకోవడానికి అదే సైజు వాల్ ప్లగ్గు. ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగకపోతే తలుపు లాగినప్పుడు ఊడొస్తుంది. ఎంసీబీ బాక్సుకు నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, వైర్లు అటే వెళ్తుంటాయి.

రెయిన్‌కోట్ల కొక్కేలు ర్యాక్ పైన కాదు, పక్కన, ఐదున్నర అడుగుల ఎత్తులో. పొడవు కోటు నాలుగడుగుల దాకా వేలాడుతుంది, ర్యాక్ పైన తగిలిస్తే నీళ్లు దాని మీదే కారతాయి. కోట్ల కింద ప్లాస్టిక్ ట్రే పెట్టండి. 7 అంగుళాల ర్యాక్ మీద హెల్మెట్ నిలవదు, దానికీ ఓ కొక్కెం కావాలి.