బోర్డు ఎక్కడ ఆగిందో ముందు చూడు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నీకు బీగల్‌బోన్ బ్లాక్ అనే, లినక్స్ నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు మీద సాఫ్ట్‌వేర్ చేసే పని అప్పగించారని అమ్మ చెప్పింది. సి ప్రోగ్రాములు రాయడం నీకు బాగానే వచ్చు. అయితే ఈ బోర్డుల మీద మన ప్రోగ్రాము మొదలయ్యేలోపే చాలా తతంగం నడుస్తుంది. కొత్తవాళ్లకు టెన్షన్ అంతా అక్కడే. అందుకే తీరిక చేసుకుని రాస్తున్నాను.

ముందు సీరియల్ కేబుల్ సంపాదించు, బోర్డు పంపే సందేశాలు ల్యాప్‌టాప్ తెర మీద కనిపించేది దానితోనే. ఆఫీసులో లేకపోతే నీ డబ్బుతోనైనా కొనుక్కో. తప్పకుండా 3.3 వోల్టులదే చూసుకో, 5 వోల్టులది పెడితే చిప్ దెబ్బతింటుంది. బోర్డు మీద జె1 అని రాసిన ఆరు పిన్నుల్లో ఒకటోది గ్రౌండ్. కేబుల్‌లో పంపే తీగ (టీఎక్స్) నాలుగోదానికి, అందుకునే తీగ (ఆర్ఎక్స్) ఐదోదానికి వెళ్లాలి. వేగం సెకనుకు 115200 బిట్లు. బోర్డు సవ్యంగా బూట్ అయిన రోజునే తెర మీద పడే సందేశాల లాగ్ మొత్తం ఒక ఫైల్లో దాచిపెట్టు. రేపు ఏదైనా చెడితే రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

బూట్ వరుస నీకు నోటికి వచ్చేయాలి. పవర్ ఇవ్వగానే చిప్‌లోనే శాశ్వతంగా రాసి ఉన్న రోమ్ కోడ్ లేస్తుంది. బయట ఉన్న 512 ఎంబీ ర్యామ్‌ని అది వాడలేదు, చిప్ లోపలి చిన్న మెమరీలోకి ఎంఎల్ఓ అనే చిన్న బూట్‌లోడర్ ఫైలును మాత్రం తెచ్చుకుంటుంది. ఆ ఎంఎల్ఓ బయటి ర్యామ్‌ని సిద్ధం చేసి యూ-బూట్ అనే అసలు బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. యూ-బూట్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌నీ, బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో దానికి చెప్పే డివైస్ ట్రీ ఫైలునీ ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. కెర్నల్ ప్రోగ్రాములూ లైబ్రరీలూ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్‌ని మౌంట్ చేసి (వాడకానికి తగిలించి), ఇనిట్ అనే మొదటి ప్రోగ్రాముని నడుపుతుంది.

ఇది తెలిస్తే బోర్డు ఎక్కడ ఆగిందో తెర చూసి చెప్పేయొచ్చు. 'సి' అక్షరం ఒక్కటే వరసగా పడుతోందంటే రోమ్‌కి ఎంఎల్ఓ దొరకలేదు, సీరియల్ మీదుగా పంపమని అడుగుతోంది. ఎస్‌డీ కార్డు పార్టిషన్ చూడు. 'స్టార్టింగ్ కెర్నల్' అని వచ్చి ఆపైన ఏమీ రాలేదా, కెర్నల్ చచ్చిపోయిందనుకోకు. చాలాసార్లు అది నడుస్తూనే ఉంటుంది, యూ-బూట్ కెర్నల్‌కి ఇచ్చే బూట్ ఆర్గ్యుమెంట్లలో కన్సోల్ (సందేశాలు వెళ్లాల్సిన పోర్టు) పేరు తప్పు పడి ఉంటుంది. అదీ కాకపోతే డివైస్ ట్రీ వేరే బోర్డుదై ఉండొచ్చు. రూట్ మౌంట్ కాలేదని పానిక్ (కెర్నల్ చేతులెత్తేయడం) వస్తే కెర్నల్ అక్కడిదాకా క్షేమంగా వచ్చినట్టే. రూట్ ఎక్కడుందో చెప్పే ఆర్గ్యుమెంట్ సరిగ్గా ఉందా, కార్డు చదివే ఎంఎంసీ డ్రైవరూ, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ సపోర్టూ కెర్నల్‌లో ఉన్నాయా చూసుకో. ఒకేసారి నాలుగు మార్చేయకు, ఏది పనిచేసిందో నీకే తెలియకుండా పోతుంది. బోర్డు మీదే ఉండే ఈఎంఎంసీ మెమరీలో బూట్‌లోడర్ పాడైనా కంగారు వద్దు. ఎస్2 బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే కార్డు నుంచి లేస్తుంది.

ఇక నీ ప్రోగ్రాము సంగతి. ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేసి, అంటే బోర్డు చిప్‌కి సరిపడేలా కంపైల్ చేసి, బోర్డు మీదికి కాపీ చేస్తావు. నడపబోతే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటుంది. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదుటే ఉంటుంది! లేనిది నీ ఫైలు కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన డైనమిక్ లోడర్. హార్డ్‌ఫ్లోట్ కంపైలర్‌తో చేసినది సాఫ్ట్‌ఫ్లోట్ రూట్ ఫైల్‌సిస్టమ్ మీద పెడితే ఇలా అవుతుంది, దశాంశ సంఖ్యలను అందించుకునే తీరు ఆ రెండింట్లో వేరు. రీడ్ఎల్ఫ్ అనే కమాండ్‌తో చూస్తే ఏ లోడర్ అడుగుతోందో కనిపిస్తుంది. ఈ గొడవ లేకుండా ఉండాలంటే కంపైలర్, లైబ్రరీలు, రూట్ ఫైల్‌సిస్టమ్ అన్నీ ఒకే చోట తయారవ్వాలి. ఇవన్నీ కలిపి తయారుచేసే బిల్డ్‌రూట్ అనే టూల్‌తో మొదలుపెట్టు. అదే పని చేసే యోక్టో కూడా మంచిదే, కానీ మొదటి నెలలో దాని జోలికి పోకు.

సెన్సర్ తగిలించేటప్పుడు డేటాషీట్ ముందు తెరువు, కోడ్ తర్వాత. మామూలు పిన్నులు 3.3 వోల్టులే తట్టుకుంటాయి, అనలాగ్ ఇన్‌పుట్లు 1.8 దాటకూడదు. పీ9 అనే పిన్నుల వరుసలో 19, 20 పిన్నుల మీద ఐ2సీ ఉంటుంది, అంటే రెండు తీగల మీద సెన్సర్లతో మాట్లాడే దారి. ఐ2సీ-డిటెక్ట్ కమాండ్ నడిపితే సెన్సర్ అడ్రస్ కనిపించాలి. కనిపించకపోతే డ్రైవర్ కోడ్ జోలికి వెళ్లకు, వైరింగూ, తీగలను పై వోల్టేజీకి లాగి ఉంచే పుల్-అప్ రెసిస్టర్లూ, ఏ పిన్ను ఏ పని చేయాలో చెప్పే పిన్‌మక్స్ సెట్టింగూ చూడు. అడ్రస్ దగ్గర 'యూయూ' అని ఉంటే కెర్నల్ డ్రైవరు దాన్ని అప్పటికే పట్టుకుందన్నమాట.

మీ బోర్డు ఏ పొలం మోటారు పెట్టెలోనో కూర్చుంటే అక్కడ షట్‌డౌన్ కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు, కరెంటు పోతే పోయినట్టే. రూట్‌ని రీడ్-ఓన్లీగా పెట్టు, రాయాల్సినవాటికి వేరే పార్టిషన్ ఇవ్వు, బోర్డు బిగుసుకుపోతే దాన్ని రీసెట్ చేసే వాచ్‌డాగ్ ఆన్ చెయ్యి. అప్‌డేట్ల కోసం రెండు రూట్ పార్టిషన్లు మొదటి నుంచే ఉంచమని మీ మేనేజరు గారితో గట్టిగా చెప్పు. బోర్డులు ఊళ్లకు వెళ్లాక పార్టిషన్లు మార్చడం నరకం.

ఇంకొకటి, ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే టైమ్ ఎక్కడో పాతకాలంలో ఉంటుంది, సర్వర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటూ కనెక్షన్ తిరగ్గొడుతుంది. అందుకని ముందు ఎన్‌టీపీతో (నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి) టైమ్ సరిచేసుకుని, ఆ తర్వాతే సర్వర్‌కి కనెక్ట్ అయ్యేలా రాయి. నెట్ ఆలస్యంగా దొరికే చోట బ్యాటరీ ఉన్న ఆర్‌టీసీ (గడియారం) చిప్ ఒకటి ఐ2సీ మీద పెట్టించు.

ఎక్కడైనా ఆగిపోతే లాగ్ మొత్తం పంపు, ఫోటో కాదు, టెక్స్ట్ పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ మావయ్య